మాట ఎక్కడిదాకా పనిచేస్తుంది?

1784లో పారిస్ శివార్లలోని పాసీలో, ఒక తోటలో ఉన్న ఆప్రికాట్ చెట్టుకు దెస్లాన్ అనే వైద్యుడు ‘అయస్కాంత శక్తి’ ఎక్కించాడు. ఆ తర్వాత పన్నెండేళ్ల కుర్రాడొకణ్ని కళ్లకు గంతలు కట్టి తోటలోకి తీసుకొచ్చారు. ఈ శక్తి ఇట్టే సోకే మనిషని అతణ్ని ఎంచి తెచ్చింది దెస్లానే. ఒక్కో చెట్టు దగ్గరికీ నడిపించి, కాసేపు దాన్ని వాటేసుకోమన్నారు. మొదటి చెట్టు దగ్గర చెమటలు పట్టి దగ్గొచ్చింది. రెండోదాని దగ్గర తల పోటెత్తింది. మూడోదాని దగ్గర ఆ బాధ ఇంకా ఎక్కువైంది, శక్తి ఉన్న చెట్టు దగ్గర పడుతోందన్నాడు. నాలుగో చెట్టు దగ్గర ఒళ్లు బిగుసుకుపోయి స్పృహ తప్పాడు. శక్తి ఎక్కించిన చెట్టు ఆ నాలుగింటిలో లేనే లేదు.

ఆ తోట బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉంటున్న ఇంటిది. అప్పటికి ఆయన ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి, వయసు డెబ్బై ఎనిమిది. వియన్నా నుంచి 1778లో పారిస్ వచ్చిన ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు, మనుషుల ఒంట్లో కంటికి కనపడని ఒక ద్రవం పారుతుందనీ, దాని ప్రవాహం చెడితే రోగాలొస్తాయనీ, తాను దాన్ని సరిచేయగలననీ చెప్పి నగరాన్ని ఊపేశాడు. ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చిన పెద్ద ఓక్ తొట్టె చుట్టూ రోగులు కూర్చునేవాళ్లు. కొందరికి ఫిట్స్ వచ్చినట్టయ్యేది, కొందరు వెక్కివెక్కి ఏడ్చేవాళ్లు, చాలామంది నయమైందంటూ ఇంటికెళ్లేవాళ్లు. సంగతేమిటో తేల్చమని పదహారో లూయీ ఒక సంఘాన్ని వేశాడు. ఫ్రాంక్లిన్‌తో పాటు రసాయన శాస్త్రవేత్త లావోసియే, ఖగోళ శాస్త్రవేత్త బెయీ, వైద్యుడు గియోతాఁ అందులో ఉన్నారు. మెస్మర్ సహకరించనంటే, ఆయన శిష్యుడు దెస్లాన్ ముందుకొచ్చాడు.

లావోసియే ఇంట్లో ఇంకో పరీక్ష చేశారు. ఒకావిడకు మామూలు నీళ్ల కప్పులు వరసగా అందించారు. నాలుగో కప్పుకే ఆవిడకు మూర్ఛ వచ్చినంత పనైంది. తేరుకుని దాహమని అడిగితే, నిజంగా శక్తి ఎక్కించిన కప్పు చేతికిచ్చారు. ఆవిడ ప్రశాంతంగా తాగేసింది. రోగికి తెలియకుండా అసలుదాన్నీ ఉత్తుత్తిదాన్నీ మార్చి ఇచ్చి చూసే పద్ధతికి, అంటే నేడు చాలా కొత్త మందులు దాటాల్సిన పరీక్షకు, తొలి మెట్లలో ఇదొకటి.

ద్రవమంటూ ఏదీ లేదు, ఇదంతా ఊహాశక్తి పని అని సంఘం తేల్చింది. ద్రవం విషయంలో వాళ్లది నూటికి నూరుపాళ్లూ సరైన మాట. అయితే ‘ఊహ’ అని రాసి ఫైలు మూసేయడం నాకు నచ్చదు. ఆ కుర్రాడికి చెమట పట్టింది నిజం. ఒళ్లు బిగుసుకుంది నిజం. లేని కారణం నుంచి ఉన్న చెమట ఎలా వచ్చింది? ఊహ వైద్యమే మంచిదైతే దాన్నే ఎందుకు చేయకూడదని దెస్లాన్ ఎదురు అడిగాడంటారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి రెండు వందల ఏళ్లు పట్టింది, ఇంకా పడుతోంది.

తర్వాతి అడుగు మన దేశంవాడిది. గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టిన జోసే కుస్తోదియో ఫరియా చిన్నతనంలోనే తండ్రి వెంట పోర్చుగల్ వెళ్లి, రోమ్‌లో చదివి, క్రైస్తవ గురువై పారిస్ చేరాడు. 1813లో అక్కడ బహిరంగ ప్రదర్శనలు మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టి, మనసు నిమ్మళించాక ‘నిద్రపో’ అని గట్టిగా ఆజ్ఞాపించేవాడు. తొట్టెలూ చువ్వలూ ఏవీ లేవు. ఇందులో నా శక్తి ఏమీ లేదు, జరిగేదంతా ఎదుట కూర్చున్న మనిషి లోపలే జరుగుతోందని ఆయన తెగేసి చెప్పాడు. ఈ రంగంలో అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి లేదని నా అభిప్రాయం. పణజీలో ఆయన విగ్రహం ఉంది, ముందున్న స్త్రీ మీదికి చేతులు చాచి నిలబడినట్టు. అలెగ్జాండర్ డ్యూమా తన ‘కౌంట్ ఆఫ్ మాంటీక్రిస్టో’ నవలలో చెరసాలలోని పండిత ఖైదీకి ఈయన పేరే పెట్టాడు. లోకానికి ఆ ఖైదీ తెలిసినంతగా అసలు ఫరియా తెలియకపోవడం బాధగా ఉంటుంది.

రెండో ఘట్టం మన దేశంలోనే జరిగింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసే స్కాట్లండ్ సర్జన్ జేమ్స్ ఎస్డెయిల్ 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో, మత్తుమందులు లేని ఆ రోజుల్లో, మెస్మర్ పద్ధతితో ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆయన సహాయకులు చీకటి గదిలో రోగి పక్కన కూర్చుని గంటల తరబడి ఒంటిమీదుగా చేతులు ఆడించేవాళ్లు. ఆ తర్వాత కత్తి పడేది. బోదవ్యాధితో వచ్చే పెద్ద పెద్ద కణుతులను చాలావాటిని ఆయన ఇలాగే తీశాడు. చాలామంది రోగులు కదలకుండా పడుకున్నారని, లేచాక నొప్పి తెలియలేదన్నారని రాశాడు. 1846లో ప్రభుత్వం ఒక కమిటీ చేత పరీక్ష చేయించి, కలకత్తాలో చిన్న ఆసుపత్రి కూడా ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్‌తో ఆపరేషన్ జరిగింది, మరుసటేడు క్లోరోఫామ్ వచ్చింది. నిమిషాల్లో, ఎవరికైనా పనిచేసే మందు ముందు, గంటలు పట్టేదీ కొందరికే పనిచేసేదీ నిలవలేకపోయింది. (ఆ క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో ఆరో నిజాం డబ్బుతో మన హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు కూర్చోవడం ఇంకో కథ.)

‘కొందరికే’ అన్న మాట దగ్గర ఆగాలి. ఈ విద్యకే తర్వాత హిప్నాటిజం అని పేరొచ్చింది, దాని మీద నమ్మదగిన శాస్త్రం మొదలైంది అక్కడే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ హిల్గార్డ్, ఆండ్రే వైట్సెన్‌హోఫర్ కలిసి 1959లో ఒక కొలబద్ద తయారుచేశారు. పన్నెండు చిన్న పరీక్షలు. కళ్లు మూసుకున్న మనిషితో, చాచిన నీ చెయ్యి బరువెక్కుతోంది అంటారు. చెవి దగ్గర ఈగ ముసురుతోంది అంటారు. నీ పేరు చెప్పలేవు, ప్రయత్నించు అంటారు. పన్నెండింటిలో ఎన్నిటికి స్పందిస్తే అన్ని మార్కులు. వేలమందిని ఇలా చూశాక తేలిందేమిటంటే, సూచనకు గాఢంగా లోనయ్యేవాళ్లు పదిలో ఒకరో, కాస్త ఎక్కువో. అసలు లోనుకానివాళ్లూ దాదాపు అంతే. మిగతా జనమంతా నడిమధ్య. పైగా ఇది మనిషితో పాటే ఉండిపోయే గుణం. యాభైమందిని పాతికేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, అప్పుడు ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకే దాదాపుగా మళ్లీ ఎక్కువొచ్చాయి. బుద్ధి తక్కువవాళ్లో, గుడ్డిగా నమ్మేవాళ్లో, మనోబలం లేనివాళ్లో లోనవుతారన్న ప్రచారానికి ఆధారం దొరకలేదు. పుస్తకంలోనో సినిమాలోనో మునిగిపోయి చుట్టూ ఉన్నది మరిచిపోగల స్వభావంతో మాత్రం కాస్త సంబంధం కనిపించింది.

తెలుగునాట హిప్నాటిజం అనగానే చాలామందికి బి.వి. పట్టాభిరామ్ గారి ప్రదర్శనలు గుర్తొస్తాయి. జనంలోంచి పిలిచిన మనిషి వేదిక మీద చెప్పినట్టల్లా చేయడం చూసి, అతని బుర్ర ఇంకొకరి చేతుల్లోకి వెళ్లిపోయిందని అనుకుంటాం. వేదిక మీద ఏ ప్రదర్శకుడైనా ముందు చేసే పని ఏరుకోవడం. వచ్చినవాళ్లందరికీ ఒకటి రెండు చిన్న సూచనలిచ్చి, స్పందించనివాళ్లను మర్యాదగా కిందికి పంపి, ఆ పదిలో ఒకరిని అట్టేపెట్టుకుంటారు. వేదిక, చప్పట్లు, అందరూ చూస్తున్నారన్న ఊపు మిగతా పని చేస్తాయి. హిప్నాటిజం నిద్ర కూడా కాదు. ఆ స్థితిలో మెదడు విద్యుత్తును నమోదుచేస్తే మెలకువగా ఉన్న మెదడే కనిపిస్తుంది.

మరి హిప్నాటిజంతో ఎవరిచేతనైనా ఏదైనా చేయించవచ్చా? మార్టిన్ ఓర్న్, ఫ్రెడరిక్ ఎవాన్స్ 1965లో ప్రచురించిన ప్రయోగం ఈ భయాన్ని చక్కగా విప్పింది. హిప్నటైజ్ చేసినవాళ్లను విషసర్పాన్ని చేత్తో పట్టుకోమన్నారు, గాఢ నైట్రిక్ ఆమ్లంలో పడిన నాణెం చేత్తో తీయమన్నారు, ఆ ఆమ్లాన్ని సహాయకుడి మొహం మీద కొట్టమన్నారు. దాదాపు అందరూ సిద్ధపడ్డారు. ఇక్కడిదాకా వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ పరిశోధకులు రెండో గుంపును కూడా పెట్టారు. వాళ్లను హిప్నటైజ్ చేయలేదు, చేసినట్టు నటించమని మాత్రమే చెప్పారు. వాళ్లూ అవన్నీ చేశారు. ఎందుకు చేశారని అడిగితే, విశ్వవిద్యాలయంలో ప్రయోగం కదా, ఎవరికీ ఏమీ కాకుండా చూసుకుంటారని తెలుసన్నారు. (నిజంగానే ఎవరికీ దెబ్బ తగలకుండా ఏర్పాట్లు చేశారు.) అంటే ఆ చేతిని కదిలించింది వశీకరణం కాదు, ఎదుటి మనిషి హోదా మీద ఉన్న నమ్మకం. ఇది తెలిశాక నాకు భయం తగ్గలేదు. హిప్నాటిజం మీద ఉన్న భయం తీసుకెళ్లి హోదా మీద పెట్టుకున్నాను.

అసలైన ప్రమాదం జ్ఞాపకాల దగ్గర ఉంది. 1983లో కెనడాలో లోరాన్స్, పెర్రీ అనే పరిశోధకులు, సూచనకు బాగా లోనయ్యే 27 మందిని హిప్నోసిస్‌లో గతవారంలోని ఒక రాత్రికి తీసుకెళ్లి, ఏదో పెద్ద శబ్దానికి మెలకువ రాలేదా అని అడిగారు. ఆ శబ్దం కేవలం కల్పన. తర్వాత మామూలు స్థితిలో అడిగితే 13 మంది ఆ శబ్దం నిజంగానే విన్నామన్నారు. అందులో కొందరు, అది మీరు చెప్పిన సూచనే అని వివరించినా, కాదు, నిజంగా విన్నామని పట్టుబట్టారు. హిప్నోసిస్ జ్ఞాపకానికి కచ్చితత్వం తేదు, ధీమా తెస్తుంది. సాక్ష్యానికి ఇంతకన్నా హాని ఏముంటుంది?

హైదరాబాద్ నుంచి అమెరికాలోని తెలుగు సంఘాల దాకా ‘పూర్వజన్మ’ సెషన్ల ప్రకటనలు చూస్తున్నప్పుడు నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది. కెనడాలోనే పనిచేసిన నికొలస్ స్పానోస్ పూర్వజన్మలు చెప్పినవాళ్ల మీద ప్రయోగాలు చేసి 1991లో ప్రచురించాడు. నిర్వాహకుడు ముందుగా ఏం ఆశించమంటే ఆ జన్మ ఆ రూపంలోనే వచ్చింది. చరిత్రలో సరిచూడదగిన వివరాలు అడిగితే చాలావరకు తప్పులే దొర్లాయి. చెప్పినవాళ్లు అబద్ధాలాడలేదు, వాళ్లు నిజంగానే చూశారు. ఆ దృశ్యం వచ్చింది మాత్రం ఈ జన్మలో చదివినవాటిలోంచి, విన్నవాటిలోంచి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికో, దిగులుతో నలుగుతున్న యువకుడికో ఇలాంటి జ్ఞాపకం తయారుచేసి చేతికివ్వడం నా దృష్టిలో వైద్యం కాదు, అన్యాయం.

ఇన్ని కత్తిరింపుల తర్వాత హిప్నాటిజంలో ఏమైనా మిగిలిందా అంటే, చాలానే మిగిలింది. నొప్పి మిగిలింది.

మాంట్రియల్‌లో పియెర్ రెన్‌విల్ బృందం 1997లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. మనుషుల చెయ్యి 47 డిగ్రీల వేడినీళ్లలో పెట్టించి మెదడును పెట్ స్కాన్ తీశారు. హిప్నోసిస్‌లో ఉంచి ఒకసారి ఈ వేడి భరించలేనంత చిరాకుగా ఉందన్న సూచన, ఇంకోసారి అంత ఇబ్బందిగా లేదన్న సూచన ఇచ్చారు. వేడి ఎంతుందన్న దాని జోలికి పోలేదు, అది ఎంత బాధిస్తోందన్న దాన్నే మార్చారు. స్కాన్‌లోనూ అంతే జరిగింది. స్పర్శను అందుకునే భాగంలో పెద్ద తేడా లేదు. బాధలోని ‘బాధ’తో సంబంధమున్న యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగంలో పని పెరిగింది, తగ్గింది, సూచన ఎటు చెబితే అటు. నీళ్లు అవే, చెయ్యి అదే. ఎస్డెయిల్ రోగులు నటించారని ఆనాడు ఎకసెక్కాలాడినవాళ్లకు ఈ బొమ్మలు చూపించాలనిపిస్తుంది.

ఇప్పుడు హిప్నాటిజం పక్కింటి గుమ్మంలోకి వెళ్దాం. అక్కడ వశీకరణం లేదు, మాత్ర ఉంది, మాత్రలో మందు లేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మాత్రలు మాత్రమే రాస్తే చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. సూది పడాలి. నీరసమంటే సెలైను ఎక్కించాలి. బాటిల్‌లో సగం దిగేసరికే ఒంట్లోకి బలం వచ్చినట్టుంటుంది. ఆ బలంలో ఉప్పునీటి వాటా కొంతే, మంచం మీద పడుకోబెట్టి ఒకరు కనిపెట్టుకుని ఉన్నారన్న ధీమా వాటా చాలా ఎక్కువని నాకనిపిస్తుంది. పార్శ్వనొప్పికి వాడే సుమట్రిప్టాన్ మందు మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2000లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, మందులేని డమ్మీ మాత్ర మింగినవాళ్లలో దాదాపు 26 శాతం మందికి రెండు గంటల్లో ఉపశమనం దొరికితే, మందులేని సూది వేయించుకున్నవాళ్లలో 32 శాతం మందికి దొరికింది. సూది మీద మన జనానికున్న మోజు కేవలం అజ్ఞానం కాదు. దాని వెనక అనుభవం ఉంది. ఆ మోజు పేరుతో శుభ్రంలేని సూదులు కామెర్లను ఒంట్లోకి ఎక్కించడం మాత్రం క్షమించరానిది.

అయితే ఇలాంటి ఉత్తుత్తి మందు, అంటే ప్లాసిబో, ఖాతాలో పడే పుణ్యమంతా ప్లాసిబోది కాదు. 1955లో హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు, సుమారు 35 శాతం రోగులకు ఉత్తుత్తి మందుతోనే బాగవుతుందని రాశాడు. ఆ అంకె నేటికీ తిరుగుతోంది. ఆయన చేసిన పొరపాటు ఒకటుంది. ఏ మందూ, చివరికి డమ్మీ కూడా ఇవ్వనివాళ్లలో ఎంతమందికి బాగయిందో పోల్చలేదు. కలుషితమైన నీళ్లతో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఎవరు పసరు పోస్తే కీర్తి వాళ్లది. నొప్పి పతాక స్థాయిలో ఉన్నప్పుడే మనం వైద్యుడి దగ్గరికి పరిగెత్తుతాం, ఆ స్థాయి నుంచి ఎలాగూ కిందికి దిగుతుంది. 2001లో డెన్మార్క్‌కు చెందిన రోబ్యార్ట్‌సన్, గోచె ఈ లెక్క సరిచేయడానికి, డమ్మీ ఇచ్చినవాళ్లనూ ఏమీ ఇవ్వనివాళ్లనూ పోల్చిన 114 పరీక్షలను కలిపి చూశారు. పరికరాలతో కొలిచే ఫలితాల్లో ప్లాసిబో ప్రభావం పెద్దగా కనిపించలేదు. రోగి తానుగా చెప్పేవాటిలో, ముఖ్యంగా నొప్పిలో, కొంత కనిపించింది. గొప్పలు పోయిన తర్వాత మిగిలిన ఆ కొంతే నమ్మదగింది.

ఆ కొంత ఉత్తి భ్రమ కాదని అంతకుముందే, 1978లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ చూపించారు. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు డమ్మీ మందిచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. అప్పుడు నాలోక్సోన్ ఇచ్చారు. మార్ఫిన్ లాంటి మందులు పనిచేసే ద్వారాలను మూసేసే మందు అది. డమ్మీతో ఉపశమనం పొందినవాళ్లకు నొప్పి తిరిగొచ్చింది. వాళ్లకు బయటినుంచి ఎవరూ మార్ఫిన్ ఇవ్వలేదు. నాలోక్సోన్ దేన్ని అడ్డుకుంది మరి? మెదడు తానుగా తయారుచేసుకున్న ఎండార్ఫిన్లను. ‘నొప్పి తగ్గుతుంది’ అన్న నమ్మకానికి ఒంట్లో రసాయనం ఉందని అలా తెలిసింది.

ఇదే నాలోక్సోన్‌ను గోల్డ్‌స్టీన్, హిల్గార్డ్ 1975లోనే హిప్నోసిస్ మీద ప్రయోగించారు. హిప్నోసిస్‌తో పోయిన నొప్పి తిరిగి రాలేదు. చూడటానికి కవలల్లా ఉన్న ఈ రెండూ ఒంట్లో వేర్వేరు దారుల్లో నడుస్తాయన్నమాట. దీనికి ఊతమిచ్చే ప్రయోగం ఇంకొకటి 1969 నాటిది. సూచనకు లోనుకాని మనుషులకు హిప్నోసిస్ అంటే ఇంకో డమ్మీ మాత్రే, దానికీ దీనికీ ఉపశమనం సమానం. గాఢంగా లోనయ్యేవాళ్లకు మాత్రం హిప్నోసిస్ మాత్రకన్నా చాలా ఎక్కువ పనిచేసింది. ఆశ అందరికీ కొంత ఇస్తుంది, ఆ పైన అదనంగా మరికొంత ఆ పదిలో ఒకరికి దక్కుతుంది.

ఇక ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన ప్రయోగం దగ్గరికి వస్తాను. 2011లో వెక్స్‌లర్, కాప్చుక్ బృందం హార్వర్డ్‌లో ఉబ్బస రోగుల మీద చేసింది. ఒక్కో రోగికి వేర్వేరు రోజుల్లో నాలుగు రకాల చికిత్సలు చేశారు: అసలు మందున్న ఇన్‌హేలర్, మందులేని ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏమీ చేయకుండా ఊరికే కూర్చోబెట్టడం. ఎలా ఉంది అని అడిగితే అసలు ఇన్‌హేలర్‌తో 50 శాతం మెరుగన్నారు. డమ్మీ ఇన్‌హేలర్‌తో 45 శాతం. ఉత్తుత్తి సూదులతో 46 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు 21 శాతం. మొదటి మూడింటికీ తేడా లేదనే చెప్పాలి. తర్వాత, ఒక్క సెకనులో ఊపిరితిత్తులు ఎంత గాలి బయటికి ఊదగలవో పరికరంతో కొలిచారు. అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితోనూ సుమారు 7 శాతమే.

రోగి అబద్ధం చెప్పలేదు. ఆయాసం తగ్గినట్టు అతనికి నిజంగానే అనిపించింది. అతని శ్వాసనాళాలు మాత్రం ముడుచుకునే ఉన్నాయి. ఉబ్బసంలో ఆ రెండింటి మధ్య దూరమే ప్రాణాలు తీస్తుంది. బాగానే ఉందనుకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టిన రాత్రే ఊపిరాడని పరిస్థితి రావచ్చు.

ఏటా మృగశిర కార్తె నాడు ఉబ్బసం తగ్గుతుందని నమ్మి వేల మంది హైదరాబాద్‌లో చేపమందు కోసం బారులు తీరతారు. రైళ్లలో, బస్సుల్లో, పసిపిల్లలను ఎత్తుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ క్యూలో నిలబడిన తల్లిని తప్పుపట్టే మనసు నాకు లేదు. రాత్రంతా బిడ్డ ఎగశ్వాస పీలుస్తుంటే పక్కన కూర్చున్నవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది. అలాంటి తల్లి కనిపిస్తే చెప్పదలచుకున్నది ఒక్కటే: అమ్మా, నమ్మకం నీ ఇష్టం, ఇన్‌హేలర్ మాత్రం మానిపించకు, మూడు నెలలకోసారి ఆసుపత్రిలో ఊదించి గాలి ఎంత వస్తోందో కొలిపించు. తగ్గిందో లేదో బిడ్డ మొహం సగమే చెబుతుంది.

మాట మేలు చేసినట్టే కీడూ చేస్తుంది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వేసుకుంటే కాళ్లు పీకుతున్నాయని మానేసేవాళ్లు లోకమంతా ఉన్నారు, మన ఇళ్లలోనూ ఉన్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం అలా మానేసిన 60 మందికి పన్నెండు నెలలకు సరిపడా సీసాలిచ్చింది. నాలుగు సీసాల్లో స్టాటిన్, నాలుగింటిలో డమ్మీ, నాలుగు ఖాళీ. రోజూ ఫోన్‌లో బాధకు వందకు మార్కులేయమన్నారు. ఖాళీ సీసా నెలల్లో సగటున 8. స్టాటిన్ నెలల్లో 16.3. డమ్మీ నెలల్లో 15.4! పీకుడు నిజమే, దానికి తొంభై శాతం కారణం మాత్ర మింగుతున్నానన్న ఎరుక. 2020లో వెలువడిన ఆ ఫలితాలను ఎవరివి వాళ్లకు చూపించాక, సగంమంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. దీన్ని నోసిబో అంటారు. గుండెపోటు వచ్చే అవకాశమున్న మనిషి చేత, వాట్సాప్‌లో వచ్చిన ఒక భయం మందు మాన్పించగలదని తెలిశాక, ఫార్వర్డ్ నొక్కే వేలు కాస్త ఆగాలి.

ఇంతవరకూ చెప్పిన ప్లాసిబోలన్నిటిలో మోసం ఉంది. వైద్యుడు రోగికి అబద్ధం చెప్పాలా? టెడ్ కాప్చుక్ 2010లో అరుదైన పని చేశాడు. పెద్దపేగు బాధ, అంటే ఐబీఎస్‌తో ఏళ్లుగా నలుగుతున్న 80 మందిలో దాదాపు సగంమందికి, ఇందులో మందు లేదు, ఇవి పంచదార మాత్రల్లాంటివి, అయినా ఇలాంటివి ఒంట్లో మార్పు తెస్తాయని పరీక్షల్లో తేలిందని చెప్పి మరీ సీసా ఇచ్చాడు. మిగతావాళ్లకు మాత్రలు లేవు, అదే ఆదరణ మాత్రం ఉంది. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు మాత్రల గుంపులో 59 శాతం, రెండో గుంపులో 35 శాతం. ఇది చిన్న ప్రయోగం. ఇలాంటి వైద్యం మీద ముందే ఆసక్తి ఉన్నవాళ్లే చేరారు. తమకు మాత్రలు దక్కలేదని రెండో గుంపుకు తెలుసు. ఇవన్నీ తీసేసినా, అబద్ధం తప్పనిసరి కాదన్న ఆశ మిగులుతుంది.

అదే బృందం రెండేళ్ల ముందు, 2008లో, 262 మంది ఐబీఎస్ రోగులతో చేసింది నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. ఒక గుంపు వేచి ఉండే జాబితాలో ఉంది. రెండో గుంపుకు ముభావంగా ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు. మూడో గుంపుకు అదే చికిత్స, కానీ వైద్యుడు ముందు కూర్చుని, కష్టం విని, అర్థమైందని చెప్పి, మీకు తగ్గుతుందన్న నమ్మకం నాకుందన్నాడు. తగినంత ఉపశమనం వరసగా 28, 44, 62 శాతం. ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదని మన పెద్దవాళ్లు చెప్పుకునేదాంట్లో మూడో గుంపుకు అదనంగా దక్కిన పదెనిమిది శాతం ఉందని నా నమ్మకం. ఓపీ గదిలో వంద మందిని చూడాల్సిన డాక్టరుకు ఒక్కో రోగికి రెండు నిమిషాలు దొరికితే, ఆ పదెనిమిది శాతాన్ని మనమే రోగి చేతిలోంచి లాక్కుంటున్నట్టు.

హిప్నోసిస్ కూడా నెమ్మదిగా ఆసుపత్రి గడప ఎక్కుతోంది. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ 1984లో ముప్ఫైమంది మొండి ఐబీఎస్ రోగుల మీద చేసిన పరీక్ష తర్వాత, ఏడాది పాటు మందులతో తగ్గని ఐబీఎస్‌కు హిప్నోథెరపీ ఆలోచించమని బ్రిటన్ మార్గదర్శకాలు 2008లో చెప్పాయి. న్యూయార్క్‌లో 2007లో రొమ్ము ఆపరేషన్‌కు వెళ్తున్న 200 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో, ముందు పదిహేను నిమిషాల హిప్నోసిస్ చేసిన గుంపుకు మత్తుమందు తక్కువ పట్టింది, తర్వాత నొప్పి, వికారం, అలసట తగ్గాయి. కణితిని సర్జన్ కత్తే తీసింది. హిప్నోసిస్ ఆ కత్తి చుట్టూ ఉన్న బాధను తగ్గించింది. ఎవరైనా హిప్నోసిస్‌తో క్యాన్సరే కరిగిస్తానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. చేసేవాళ్లు ముందుగా డాక్టరో, అర్హత గల సైకాలజిస్టో అయి ఉండాలి, హిప్నోసిస్ వాళ్ల చేతిలో ఉన్న ఇంకో పనిముట్టు కావాలి.

చివరిగా ఒక చిన్న పరీక్ష. బోస్టన్‌లో చేసి 2010లో ప్రచురించారు. కాన్పుకు వచ్చిన 140 మంది స్త్రీలకు వెన్నులో మత్తు ఇచ్చేముందు చర్మం తిమ్మిరెక్కించే సూది వేశారు. సగంమందితో, తేనెటీగ గట్టిగా కుట్టినట్టుంటుంది, అన్నిటికన్నా నొప్పి ఇదే అన్నారు. మిగతా సగంతో, ఇక్కడ తిమ్మిరెక్కే మందు ఇస్తున్నాం, మీకు హాయిగా ఉంటుందన్నారు. సూది ఒకటే, మందు ఒకటే. నొప్పికి పదికి మార్కులేయమంటే మొదటి గుంపు మధ్యస్థ అంకె 5, రెండో గుంపుది 3. మన నర్సమ్మలు ‘చీమ కుట్టినట్టుంటుంది, అంతే’ అంటారు. ఆ ‘చీమ’ నొప్పిని పెంచుతోందా, ఆ ‘అంతే’ తగ్గిస్తోందా? ఇది తేల్చడానికి స్కానర్లు అక్కర్లేదు, కోట్ల గ్రాంట్లు అక్కర్లేదు. ఏ ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డులోనైనా రెండు వాక్యాలు రాసి, చీటీ తీసి ఒక్కొక్కరికి ఒక్కటి చెప్పి, నొప్పి ఎంతని అడిగి రాసుకుంటే చాలు. మన మెడికల్ కాలేజీల్లో పీజీ థీసిస్‌కు అంశం వెతుక్కుంటున్నవాళ్లు ఏటా ఎంతోమంది ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా దీన్ని తీసుకోవాలి.